సముద్రంలో పోయినవాని సొత్తు ఎవరిది?



మన అమ్రాబాదు నల్లమల గుట్టల మీద ఉంది. ఇక్కడ అడవి ఉంది, చేను ఉంది. సముద్రం మాత్రం లేదు. మన గుట్టల కింది నుంచి పారే కృష్ణ చాలా దూరం పోయి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనలో సముద్రం చూసినవాళ్లు తక్కువే.

మరి సముద్రంలో పోయినవాని సంగతి మనకెందుకు?

ఎందుకంటే, బతుకుదెరువుకు పోయి తిరిగి రాని మనిషి సంగతి ఎక్కడైనా ఒకటే. పాలమూరు నుంచి ఎంతోమంది బొంబాయికి, పుణెకు, దుబాయికి పోయారు. ఇంకా పోతున్నారు. అందరూ తిరిగి రారు. కొందరి చావు కబురు వస్తుంది. కొందరి కబురే రాదు. అప్పుడు ఇంట్లో ఉన్న ఆడమనిషి ముందు మూడు ప్రశ్నలు నిలబడతాయి.

మనిషి చనిపోయినట్టా, బతికినట్టా?
ఆయన సొత్తు ఎవరిది?
ఆయన చేసిన అప్పు ఎవరిది?

ఈ మూడు ప్రశ్నలు కొత్తవి కావు. రెండు వందల యాభై ఏళ్ల కింద మన నేతగాళ్ల ఇళ్లలో కూడా ఉన్నాయి. అప్పటి సంగతి తెలిస్తే, ఇప్పుడు మన చేతిలో ఏముందో అర్థమవుతుంది. అందుకే ముందు అక్కడికి పోయి వద్దాం.

ఓడ ఎక్కిన బట్ట

గద్వాల చీర మనకు తెలుసు. నారాయణపేట చీర తెలుసు. పోచంపల్లి బట్ట తెలుసు. మన తెలుగు నేల నేతకు పేరుపడ్డ నేల. 18వ శతాబ్దంలో, అంటే 1700 నుంచి 1800 మధ్య, తెలుగువాళ్లు నేసిన నూలు బట్ట ప్రపంచమంతా తిరిగింది. అప్పుడు పెద్ద రేవు మచిలీపట్నం. హైదరాబాదు నుంచి అక్కడికి బాట ఉండేది. మచిలీపట్నం అద్దకం బట్టను పర్షియా దేశం వాళ్లు ఇష్టపడి కొన్నారు. మన నూలు బట్ట అరబ్బు దేశాలకు, తూర్పు దీవులకు, ఐరోపాకు పోయింది. ఆఫ్రికాలో ఇండియా బట్ట ఇచ్చి మనుషులను బానిసలుగా కొన్న వర్తకులు కూడా ఉన్నారు. నేసినవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలు లేదు.

ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దుకాణం పెట్టింది. తర్వాత నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో, గోదావరి పాయల దగ్గర ఇంజరంలో కూడా పెట్టింది. అప్పట్లో మన ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్నాయి. కోస్తా సర్కారు జిల్లాలు 1760ల తర్వాత కంపెనీ చేతిలోకి పోయాయి.

కంపెనీవాళ్లు బట్ట ఎట్లా కొనేవాళ్లు? నేతగానికి ముందే కొంత పైకం ఇచ్చేవాళ్లు. దాన్ని బయానా అనవచ్చు. ఆ పైకంతో నేతగాడు నూలు కొనాలి. ఇంటిల్లిపాది తినాలి. గడువులోగా బట్ట నేసి ఇవ్వాలి. బట్ట బాగాలేదని అంటే ధర తగ్గేది. గడువు దాటితే బాకీ నిలిచేది. బాకీ ఉన్నవాడు ఇంకొకరికి బట్ట అమ్మడానికి లేదు. ఈ పద్ధతి మీద గోదావరి ప్రాంతం నేతగాళ్లు ఒకసారి కాదు, చాలాసార్లు ఎదురు తిరిగారు. మగ్గాలు ఆపారు. ఊళ్లు విడిచి పోయారు.

మామూలుగా నేతగాడు ఓడ ఎక్కడు. ఓడ ఎక్కేది బట్ట. కానీ రేవు ఊళ్ల మనుషులు పడవల మీద పోయేవాళ్లు. తీరంలో ఉన్నవాళ్లనూ సముద్రం వదల్లేదు. 1789 డిసెంబరులో గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవు మీదికి పెద్ద ఉప్పెన వచ్చింది. ఓడలు, పడవలు, ఇళ్లు, వేలమంది మనుషులు పోయారు.

ఇప్పుడు ఒక మాట అనుకుందాం. ఇది పాఠం కోసం అనుకునే మాట. ఆ కాలంలో ఒక నేతగాడు బట్టల మూటతో పడవ ఎక్కాడు. పడవ తిరిగి రాలేదు. ఇంటి దగ్గర తల్లి ఉంది. భార్య ఉంది. ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు ఉన్నారు. తమ్ముడు పక్క ఇంట్లో ఉన్నాడు. బయానా ఇచ్చిన దళారి వాకిట్లో నిలబడ్డాడు.

అప్పుడు ఏం జరిగేది?

నేతగాని సొత్తు ఏమిటి?

ముందు జాబితా రాద్దాం. ఆయన ఇంట్లో ఏమేమి ఉంటాయి?

గుంట మగ్గం ఒకటి.
పన్నె, నాడె, కండెలు.
రాట్నం, ఆసు.
మగ్గం మీద సగం నేసిన పడుగు.
నూలు చిలపలు.
గంజి కుండ.
ఒక గుడిసె, దాని జాగా.
కొన్ని ఇత్తడి పాత్రలు.
భార్య మెడలో, చెవులకు ఉన్న కొద్దిపాటి బంగారం, వెండి.
దళారికి ఇవ్వాల్సిన బాకీ.

ఈ జాబితాను ఇంకొకసారి చదవండి. నూలు ఎవరు వడికారు? ఇంటి ఆడవాళ్లు. కండెలు ఎవరు చుట్టారు? ఆడవాళ్లు, పిల్లలు. పడుగుకు గంజి పెట్టడానికి ఇంటిల్లిపాదీ చేతులు పడ్డాయి. కానీ లెక్కలో పేరు మాత్రం ఒక్క మొగమనిషిదే. బయానా ఆయన పేరు మీదే. మగ్గం ఆయన పేరు మీదే.

ఆడమనిషి చేసిన పని కాగితం మీద కనపడకపోతే, పంపకం నాడు కూడా అది కనపడదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అప్పటి ధర్మం ఏమన్నది?

అప్పట్లో హిందువుల ఆస్తి పంపకాలకు పాత ధర్మశాస్త్రాలే ఆధారం. వాటిలో ముఖ్యమైనది మితాక్షరం. ఇప్పటి కర్ణాటకలో బీదరు దగ్గర ఉన్న కల్యాణంలో, సుమారు 1100 నాటికి, విజ్ఞానేశ్వరుడు దాన్ని రాశాడు. తర్వాత కేతన కవి దాన్ని తెలుగులో పద్యాలుగా చేశాడు. ఊళ్లలో కులపెద్దలు ఈ ధర్మాన్ని, తమ ఆచారాన్ని కలిపి తీర్పు చెప్పేవాళ్లు.

మన నేతగాని ఇంటికి వస్తే ఆ లెక్క ఇట్లా ఉండేది.

కొడుకు ఉన్నాడు కాబట్టి సొత్తు కొడుకుది. భార్యకు తిండి, బట్ట మాత్రమే. బిడ్డలకు పెళ్లి చేసి పంపాలి, అంతే. కొడుకు లేకుంటే? అన్నదమ్ములు కలిసి ఉన్న ఇల్లయితే సొత్తు తమ్మునికి పోయేది. అన్నదమ్ములు వేరుపడి ఉంటే భార్యకు వచ్చేది. కానీ బతికినన్నాళ్లు అనుభవించడానికే. తన ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి, రాసివ్వడానికి లేదు. ఆమె ఒంటి మీది నగలు, పుట్టింటివాళ్లు పెట్టినవి ఆమె స్త్రీధనం. అవి ఆమెవే.

బాకీ సంగతి? తండ్రి బాకీ కొడుకు తీర్చాలి. అది ధర్మం అన్నారు. అంటే పాలు తాగే కొడుకు నెత్తిన కూడా దళారి బాకీ కూర్చునేది.

ఇక మనిషి చనిపోయినట్టు ఎట్లా తెలుస్తుంది? శవం లేదు. పాత ఆచారం ప్రకారం పన్నెండేళ్లు చూసేవాళ్లు. పన్నెండేళ్లు కబురు లేకుంటే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేవాళ్లు. అప్పటిదాకా భార్య బొట్టు తుడవదు. సొత్తు తెగదు. తమ్ముడు ఏలుతుంటాడు. దళారి వచ్చిపోతుంటాడు.

పన్నెండేళ్లంటే పాలు తాగే బిడ్డ పెళ్లి ఈడుకు వచ్చే కాలం.

కాగితం ఉన్నచోట, లేనిచోట

అదే కాలంలో ఇంగ్లీషు ఓడ మీద ఒక నావికుడు చనిపోతే ఏం చేసేవాళ్లు? ఆయన పెట్టె తెరిచేవాళ్లు. చొక్కాలు, టోపీ, కత్తి, అన్నీ జాబితా రాసేవాళ్లు. ఓడ స్తంభం దగ్గర మిగతా నావికుల మధ్య వేలం వేసేవాళ్లు. వచ్చిన పైకం ఆయన లెక్కలో రాసేవాళ్లు. రావలసిన జీతం కూడా కలిపేవాళ్లు. అది ఇంటివాళ్లకు చేరాలని పద్ధతి. 1726లో రాజు పట్టాతో మదరాసులో మేయరు కోర్టు వచ్చింది. వీలునామాలను ఖాయం చేసే అధికారం, చనిపోయినవారి సొత్తు చూసే మనిషిని నియమించే అధికారం ఆ కోర్టుకు ఇచ్చారు.

ఆ నావికుని భార్య మన నేతగాని భార్య కంటే తెలివైనది కాదు. ఎక్కువ కష్టపడింది కూడా కాదు. తేడా ఒక్కటే. అక్కడ జాబితా ఉంది. పేరు రాసి ఉంది. సంతకం ఉంది. మన నేతగాని ఇంట్లో కాగితం లేదు. బాకీ కాగితం మాత్రం దళారి దగ్గర ఉంది.

కాగితం ఎవరి దగ్గర ఉంటే మాట వారిదే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

1996లో ఏం జరిగింది?

ఇది మన కాలం సంగతి. 1996 నవంబరు 6న రాత్రి కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. తూర్పు గోదావరి జిల్లాలో కొబ్బరి తోటలు నేలకూలాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది సముద్రం మీద వేటకు పోయిన మత్స్యకారులు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో ఇంటింటా ఏడుపే. చాలామంది శవాలు దొరకలేదు.

శవం లేదు. మరి చావును ఎట్లా రాయాలి? చావు రాయకుంటే సాయం పైకం ఎవరి చేతికి ఇవ్వాలి? రెండు వందల ఏళ్ల కింద కోరంగి ఆడవాళ్ల ముందు నిలబడ్డ ప్రశ్నే మళ్లీ వచ్చింది.

తర్వాత 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్‌లో వరదలు వచ్చాయి. ఈ రెండుసార్లూ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. కొట్టుకుపోయినవాళ్ల కోసం ఏళ్లకేళ్లు చూడనక్కర లేదన్నది. అధికారులు విచారణ చేసి, చనిపోయినట్టు పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది.

అంటే పెద్ద విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వం గడువు సడలించవచ్చు. కానీ ఒక్క మనిషి, ఒంటరిగా, ఎక్కడో తప్పిపోతే? అప్పుడు ఏడేళ్ల లెక్క వస్తుంది.

ఏడేళ్ల లెక్క

ఒక మనిషి గురించి ఏడేళ్లపాటు కబురు లేదు. బతికి ఉంటే కబురు తెలియాల్సిన ఇంటివాళ్లకే తెలియలేదు. అప్పుడు ఆయన చనిపోయినట్టు కోర్టు అనుకోవచ్చు. బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, రుజువు చేయాల్సింది వాళ్లే.

ఈ మాట 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. అందులో ఇది 111వ సెక్షను. గడువు మారలేదు. ఏడేళ్లే.

ఈ ఏడేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంగ్లండులో 1666లో ఒక చట్టం చేశారు. సముద్రం దాటి పోయిన మనిషి ఏడేళ్లు కనపడకుంటే, భూమి కౌలు లెక్కల్లో ఆయన పోయినట్టే అన్నారు. చూశారా! సముద్రం మీద పోయినవాళ్ల కోసం పుట్టిన లెక్క, నేడు పుణెలో తప్పిపోయిన పాలమూరు కూలికి కూడా వర్తిస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి.

ఒకటి. ఏడేళ్లు గడవగానే అన్నీ వాటంతట అవి జరగవు. కోర్టులో అడగాలి. కోర్టు తీర్పు తెచ్చుకోవాలి.

రెండు. ఏడేళ్ల తర్వాత చనిపోయినట్టు అనుకుంటారు గాని, ఏ రోజు చనిపోయాడో అనుకోరు. 2004లో జీవిత బీమా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. తప్పిపోయిన నాడే చనిపోయాడని ఇంటివాళ్లు అంటే, అది రుజువు చేయాలి. కాబట్టి మనిషి తప్పిపోయాడు గదా అని బీమా కిస్తు ఆపవద్దు. కిస్తు ఆగితే పాలసీ ఆగిపోతుంది. ఏడేళ్ల తర్వాత అడిగితే చేతికి ఏమీ రాకపోవచ్చు.

ఇప్పుడు పంపకం ఎట్లా?

ఇప్పుడు మన నేతగాని ఇంటికే మళ్లీ పోదాం. అదే ఇల్లు, అదే మనుషులు. కానీ కాలం ఇప్పటిది.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. మొగమనిషి వీలునామా రాయకుండా చనిపోతే, ఆయన సొంత ఆస్తిలో మొదటి వరుస వారసులకు సమాన వాటాలు. మొదటి వరుసలో ఎవరున్నారు? భార్య, కొడుకులు, బిడ్డలు, తల్లి. తల్లిని చాలామంది మరిచిపోతారు. అత్తకు కూడా వాటా ఉంది.

తమ్మునికి వాటా లేదు. మొదటి వరుసలో ఒక్కరున్నా ఆయనకు రాదు.

భార్యకు వచ్చిన వాటా బతికినన్నాళ్లు తిని వదిలేసేది కాదు. పూర్తిగా ఆమెదే. అమ్ముకోవచ్చు. బిడ్డకు రాసివ్వవచ్చు. వాటా వచ్చిన తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా అది పోదు.

మరి తాతల నాటి ఉమ్మడి ఆస్తి? 1956 చట్టంలో ఆడబిడ్డకు అందులో పుట్టుకతో హక్కు లేదు. మన రాష్ట్రంలో 1986లో చట్టం మార్చారు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడబిడ్డలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఆడబిడ్డలకు ఆ హక్కు వచ్చింది. పెళ్లయినా, కాకున్నా వస్తుంది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పు లెక్క

ఇప్పుడు లెక్క చేద్దాం. పలక తీయండి.

ఇల్లు, మగ్గం, బ్యాంకు పైకం అన్నీ కలిపి 3,00,000 రూపాయలు.
ఉన్న అప్పు 50,000 రూపాయలు.
అప్పు తీసివేస్తే మిగిలేది 2,50,000 రూపాయలు.
వారసులు భార్య, తల్లి, కొడుకు, ఇద్దరు బిడ్డలు. మొత్తం ఐదుగురు.
ఒక్కొక్కరికి 50,000 రూపాయలు.

ఇంకొక లెక్క. ఆస్తి 3,00,000. అప్పు 4,00,000. ఇప్పుడేం చేయాలి?

"మొగడు చేసిన అప్పు పెండ్లాం కట్టాలె" అని షావుకారి అంటాడు. ఊరు కూడా అంటుంది. చట్టం అట్లా అనదు. చనిపోయినవాని సొత్తు ఎంత ఉంటే అంతవరకే అప్పు. మిగిలిన లక్ష భార్య రెక్కల కష్టం నుంచి కట్టాల్సిన పని లేదు. కొడుకు కూడా తండ్రి బాకీ ధర్మం కోసం కట్టాలన్న పాత నియమం, 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు లేదు.

కానీ ఒక్క మాట. అప్పు కాగితం మీద మీరు కూడా సంతకం చేసి ఉంటే, జామీను ఉండి ఉంటే, అది మీ అప్పు కూడా అవుతుంది. అందుకే చదవకుండా వేలిముద్ర వేయవద్దు.

అందరికీ ఒకే చట్టమా?

కాదు. మన అమ్రాబాదులో చెంచులు ఉన్నారు. లంబాడాలు ఉన్నారు. ముస్లింలు ఉన్నారు. క్రైస్తవులు ఉన్నారు.

హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. చెంచు, లంబాడ కుటుంబాల్లో ఆచారం చూస్తారు. మరి ఆడబిడ్డకు వాటా ఇచ్చే ఆచారం లేదని మొగవాళ్లు అంటే? 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో తీర్పు చెప్పింది. ఆడవాళ్లకు వాటా ఇవ్వవద్దనే ఆచారం ఉందని రుజువు చేయకపోతే, వాళ్లకూ సమాన వాటా ఇవ్వాలన్నది. ఈ మాట గిరిజన అక్కలకు చాలా ముఖ్యం.

ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు. పిల్లలు లేకుంటే నాలుగో వంతు. కొడుకు వాటాలో సగం బిడ్డకు వస్తుంది.

క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు మూడో వంతు. మిగిలింది కొడుకులకు, బిడ్డలకు సమానంగా వస్తుంది.

మనిషి తిరిగి రాకుంటే మనమేం చేయాలి?

1. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనుకు పోవాలి. మనిషి తప్పిపోయాడని రాయించాలి. కాగితం నకలు అడిగి తీసుకోవాలి. ఆ కాగితం మీది తేదీ రేపు కోర్టులో మాట్లాడుతుంది.

2. ఆఖరి కబురు ఎప్పుడు వచ్చిందో రాసి పెట్టాలి. ఉత్తరం, పైకం పంపిన రసీదు, ఫోను నంబరు, మేస్త్రి పేరు, పని చేసిన చోటు అన్నీ దాచాలి.

3. ఇంట్లో ఉన్న సొత్తు జాబితా రాయాలి. పట్టా పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా కాగితం, రేషను కార్డు, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టాలి. ఆ సంచి మీ దగ్గరే ఉండాలి.

4. బీమా కిస్తు ఆపవద్దు.

5. చావు కబురు వస్తే, ఆ చావు జరిగిన చోటే రాయించాలి. బొంబాయిలో చనిపోతే బొంబాయిలోనే. 21 రోజుల లోపల రాయిస్తే ఇబ్బంది ఉండదు. పరాయి దేశంలో అయితే అక్కడి మన రాయబార కార్యాలయానికి తెలపాలి.

6. మరణ పత్రం చేతికి వచ్చాక, కుటుంబ సభ్యుల పత్రం కోసం మీసేవలో దరఖాస్తు పెట్టాలి. తహసీల్దారు విచారించి ఇస్తారు. అందులో అత్త పేరు, బిడ్డల పేర్లు అన్నీ ఉన్నాయో లేదో మీరే చదివి చూడండి.

7. భూమిని వారసుల పేరు మీదికి మార్చడాన్ని మనం విరాసత్ అంటాం. కొందరు ఫౌతి అంటారు. దానికి కూడా తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

8. బ్యాంకులో నామినీ పేరు ఉంటే పైకం నామినీ చేతికి ఇస్తారు. కానీ నామినీ పైకం అందుకునే మనిషి మాత్రమే. వారసులకు వాటాలు ఇవ్వాలి. నామినీ లేకుంటే, పైకం పెద్దదయితే, కోర్టు నుంచి వారసత్వ పత్రం తెమ్మంటారు. అది 1925 నాటి చట్టం కింద ఇచ్చే పత్రం.

9. రైతు పేరున, నేతగాని పేరున బీమా ఉందేమో అడగాలి. తెలంగాణలో రైతు బీమా 2018 ఆగస్టు 15న, నేతన్న బీమా 2022 ఆగస్టు 7న మొదలయ్యాయి. మీ ఇంటి మనిషి పేరు అందులో ఉందా, నామినీ ఎవరు, ఈ సంగతులు ముందే తెలుసుకుని ఉండాలి.

10. వకీలుకు ఫీజు ఎట్లా అని భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఆదాయం ఎంత అని అడగరు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కూడా అంతే. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. లేదా దగ్గరి కోర్టులో న్యాయసేవా కమిటీని అడగవచ్చు.

ఒక కాగితం దగ్గర ఆగండి

చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజుకో, పన్నెండో రోజుకో ఒక కాగితం వస్తుంది. "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా. అందరి పేరు మీద ఎందుకు, ఒక్కరి పేరు మీద ఉంటే పని సులువైతది" అంటారు. అది చాలాసార్లు హక్కు వదులుకునే కాగితం. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి కాగితం చదవదని వాళ్లకు తెలుసు.

అప్పుడు మీరు ఇట్లా అనండి. "కాగితం నా దగ్గర పెట్టి పోండి. చదివి చెప్తా."

ఈ మాటలో కొట్లాట లేదు. మర్యాద తప్పింది లేదు. కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. తెచ్చుకోనివ్వండి. కాగితంలో తప్పు లేకుంటే రెండు రోజులు ఆగడానికి వాళ్లకేం కష్టం?

నేతగాని భార్యకు ఆ మాట అనే వీలు లేకపోయింది. బయానా చీటీలో ఏం రాశారో ఆమె చదవలేదు. వడికిన నూలు తనదే అయినా, తనదని చూపే అక్షరం లేదు. మీరు చదువు నేర్చుకున్నారు. పేరు రాయడంతో చదువు ఆగిపోవద్దు. మీ పేరు ఏ కాగితం మీద ఉండాలో, ఏ కాగితం మీద ఉండకూడదో కూడా చూసుకోండి.

ఆలోచించండి, చెప్పండి

1. నేతగాని సొత్తులో ఆడవాళ్ల కష్టం ఏ వస్తువుల్లో ఉంది?
2. పాత ఆచారంలో ఎన్నేళ్లు చూసేవాళ్లు? ఇప్పుడు ఎన్నేళ్లు?
3. చనిపోయినవాని తమ్మునికి ఎప్పుడు వాటా రాదు?
4. ఆస్తి 2,00,000. అప్పు 80,000. వారసులు భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక బిడ్డ. ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?
5. మీ అత్తగారికి, మీ ఆడబిడ్డకు వాటా ఇవ్వాల్సి వస్తే మీరేమంటారు? మీ తోటి అక్కలతో మాట్లాడండి.

రాయండి

మీ ఇంట్లో ఉన్న ముఖ్యమైన కాగితాల పేర్లు వరుసగా రాయండి. ఒక్కొక్క కాగితం ఎవరి పేరు మీద ఉందో పక్కన రాయండి. మీ పేరు ఎన్ని కాగితాల మీద ఉందో లెక్కపెట్టండి.

కొత్త మాటలు

వారసులు: చనిపోయినవారి సొత్తు మీద హక్కు ఉన్నవాళ్లు.
వీలునామా: నా తర్వాత నా సొత్తు ఎవరికి అని బతికుండగా రాసే కాగితం.
నామినీ: పైకం అందుకోవడానికి పేరు రాసిన మనిషి.
విరాసత్: చనిపోయినవారి భూమిని వారసుల పేరు మీదికి మార్చడం.
జామీను: ఇంకొకరి అప్పుకు పూచీ ఉండడం.
స్త్రీధనం: ఆడమనిషికి సొంతంగా చెందిన సొత్తు.